కూలిందని ఒప్పుకుంటే కదా కట్టేది

1948 సెప్టెంబరులో మా దగ్గర జరిగింది యుద్ధమా, కాదా? ముందు ఇది తేలాలి. షోలాపూర్ వైపు నుంచి ట్యాంకులతో ఒక దళం వచ్చింది. బెజవాడ వైపు నుంచి ఇంకో దళం మునగాల, సూర్యాపేటల మీదుగా నడిచింది. పైనుంచి విమానాలు బాంబులు వేశాయి. 13న మొదలై 17న నిజాం లొంగిపోయేదాకా ఇదంతా సాగింది. దీనికి సర్కారు పెట్టిన పేరు 'పోలీసు చర్య'. పోలీసులు ట్యాంకులెక్కి రావడం మేం ఇంకెక్కడా వినలేదు. ఆ పేరుతో మాకున్న పేచీ ఉత్త మాటల పేచీ కాదు. యుద్ధమంటే లెక్క ఉంటుంది. ఎన్ని ఇళ్లు కూలాయి, ఎవరు కట్టివ్వాలి, ఎవరు తిరిగి రావాలి అనే లెక్క. పోలీసు చర్యకు లెక్క ఉండదు. పోలీసులు వచ్చారు, శాంతి నెలకొంది, అంతే. పునర్నిర్మాణం అన్న మాట అక్కడ పుట్టనే పుట్టదు.

ఒక్కటి మాత్రం కట్టారు. సూర్యాపేట దగ్గర వెనక్కి పోతూ పోతూ హైదరాబాద్ సైన్యం మూసీ మీది వంతెనను పాడుచేసింది. అడ్డుకునే కాల్పులు లేకపోవడంతో భారత సైన్యం దాన్ని తొందరగానే బాగుచేసుకుని ముందుకు సాగింది. మా జిల్లాల్లో సర్కారు చేసిన యుద్ధానంతర పునర్నిర్మాణం అంటే మాకు గుర్తొచ్చేది ఆ వంతెనే. అదీ సైన్యం దాటడానికి.

మాది ఆత్మకూర్. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆత్మకూర్లు మూడున్నాయి. సూర్యాపేట పక్కన ఒకటి, మోత్కూరు వైపు ఒకటి. మేం చెప్పేది జూరాల దగ్గరి ఆత్మకూర్ గురించి. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్నం. 2016 నుంచి వనపర్తి జిల్లాలో ఉంది. ఇంత చిన్న ఊళ్లో కూర్చుని యుద్ధాల తర్వాత నగరాలను కట్టడం గురించి మాట్లాడటం కొందరికి విడ్డూరంగా ఉండొచ్చు. యుద్ధం పట్నాలకే వస్తుందని, కూలేవి రాజమహళ్లేనని అనుకునేవాళ్లకు అట్లాగే ఉంటుంది.

ఈ విషయం మీద ప్రపంచంలో వచ్చిన రాతలు చూస్తే మొదట వార్సా తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సేనలు ఆ నగరాన్ని ఇల్లిల్లూ పేల్చి నేలమట్టం చేశాయి. జనం తిరిగొచ్చి పాత బస్తీని మునుపు ఉన్నట్టే కట్టుకున్నారు. యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఇళ్లను కొలిచి గీసిన పటాలు పనికొచ్చాయి. బెల్లొట్టో అనే 18వ శతాబ్దపు చిత్రకారుడు వేసిన వీధుల బొమ్మలు పనికొచ్చాయి. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తిరిగి కట్టిన దానికి ఆ గౌరవం దక్కడం గొప్పే. ఈ కథను మనకు చెప్పేవాళ్లంతా ఇక్కడ ఆగిపోతారు. ఆ పాత బస్తీకి కూతవేటు దూరంలో మురానూఫ్ అనే పేట ఉంది. యూదులు ఉన్న పేట. నాజీలు వాళ్లను గోడ కట్టి బంధించింది, ఎదురుతిరిగితే మట్టిలో కలిపింది అక్కడే. దాన్ని మాత్రం మునుపు ఉన్నట్టు కట్టలేదు. శిథిలాలు ఎత్తిపోయడానికి కూడా వీలుకానంత ఉంటే, వాటినే దిబ్బలుగా సర్ది, ఆ రాళ్లనే పొడిచేసి దిమ్మెలు పోసి, పైన కొత్త కాలనీ లేపారు. కట్టమని అడిగేందుకు యూదులు మిగల్లేదు కదా. ఒకే నగరం, ఒకే యుద్ధం. ఒక పేటకు బొమ్మలు చూసి మరీ కిటికీలు పెట్టారు. ఇంకో పేట మీద ఇళ్లు కట్టారు. నగరాన్ని తిరిగి కట్టారు అని ఎవరన్నా అన్నప్పుడు, ఎవరి నగరాన్ని అని అడగడం మేం ఇక్కడే నేర్చుకున్నాం.

బోస్నియాది ఇంకో కథ. మోస్తార్‌లో ఒట్టోమన్ల కాలంలో, 1566లో కట్టిన రాతి వంతెన 1993 నవంబరు 9న ఫిరంగి దెబ్బలకు నదిలో పడిపోయింది. 2004లో మళ్లీ నిలబెట్టారు. అందరూ ఫోటోలు దిగే వంతెన అది. మాకు ఎక్కువ దగ్గరగా అనిపించింది బానియా లూకాలోని ఫర్హాదియా మస్జిద్. 1579 నాటిది. 1993 మే 7న దాన్ని పేల్చేసి, రాళ్లను చెత్తకుప్పల్లో పారేశారు. 2001లో అదే తేదీన పునాదిరాయి వేయబోతే అల్లరిమూకలు దాడిచేశాయి. అయినా పారేసిన రాళ్లు వెతికి తెచ్చుకుని, ఏ రాయి ఏ గోడదో పోల్చుకుని, 2016 మే 7న తెరిచారు. పదిహేనేళ్ల పని. రాళ్లు పోల్చడంలో ఇంజినీర్ల నేర్పు ఉంది, సరే. అంతకన్నా ముందు, ఇక్కడ మస్జిద్ ఉండేది, దాన్ని కూల్చారు, కూల్చడం నేరం అని కాగితం మీద ఎవరో ఒకరు రాయాల్సి వచ్చింది.

మా దగ్గర కూడా రాశారు. రాసి దాచారు. 1948 నవంబరు చివర్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ కేంద్ర ప్రభుత్వం తరఫున హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చి పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని లెక్కగట్టారు. ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ తర్వాతి నాలుగు జిల్లాల్లో మా నల్లగొండ ఉంది. చంపడంతోపాటు లూటీలు, ఇళ్లకు నిప్పు, మస్జిద్‌లను పాడుచేయడం, ఇళ్లూ భూములూ లాక్కోవడం జరిగాయని అందులో ఉంది. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివాళ్లు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం నేతపనివాళ్లను కాపాడారట. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన అమరచింత, ఆత్మకూర్ల వాళ్లం కాబట్టి ఆ వాక్యం దగ్గర మేం చాలాసేపు ఆగాం. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. ఎ.జి.నూరానీ 2013లో హైదరాబాద్ విధ్వంసం మీద తెచ్చిన ఇంగ్లిషు పుస్తకంలో చేర్చాక గానీ మనలాంటివాళ్ల చేతికి అందలేదు. కూలిన ఇళ్ల లెక్క అరవై ఏళ్లు బీరువాలో ఉంటే, ఇల్లు ఎవరు కట్టివ్వాలి?

ఇక్కడ మమ్మల్ని నిలదీసేవాళ్లుంటారు. రజాకార్ల సంగతేమిటి? చెప్తాం. తప్పించుకోం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది మాకు తెలుసు. ఊరు కాపలాకు కట్టుకున్న ఆ మట్టి బురుజే ఊరివాళ్ల చావుకు సాక్ష్యంగా నిలబడింది. మా పక్కనే అప్పంపల్లిలో 1947లో నిజాం పోలీసుల కాల్పుల్లో జనం చచ్చిపోయారు. రజాకార్లు కాల్చిన ఊళ్లకూ ఎవరూ ఇళ్లు కట్టివ్వలేదు. స్తూపాలు కట్టారు. రజాకార్లను తిట్టిపోసే ఉపన్యాసాలు ఏటా సెప్టెంబరు 17న వింటున్నాం. ఆ కాలిన ఇంటి మనిషికి వాసాలు ఎవరిచ్చారో ఒక్క ఉపన్యాసంలోనూ వినలేదు. ఆ రోజుకు విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, సమైక్యత అని ఇంకొకరు పేర్లు మారుస్తూ ఉంటారు. షోయబుల్లా ఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి పోరాడి ప్రాణమిచ్చిన బందగీ 1940లోనే కామారెడ్డిగూడెం మట్టిలో కలిశాడు. వీళ్లూ మావాళ్లే. మస్జిద్ పోయిన ముసలాయనా మావాడే. ఒకరిని చూపించి ఇంకొకరి లెక్క కొట్టేయడం కుదరదు.

రాజ్యానికి కట్టడం చేతకాక కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా దవాఖానా లేచాయి. పేదల ఇరుకు బస్తీలు కొన్ని ఆ బోర్డు చేతిలోనే పోయాయన్నదీ నిజమే. అయినా వరద వచ్చిందని ఒప్పుకున్నారు కాబట్టి నగరం మారింది. నది చేసిన నష్టాన్ని ఒప్పుకోవడం సులువు. మనిషి చేసిన నష్టం దగ్గరికి వచ్చేసరికి ఇంజినీర్లు, మేస్త్రీలు, సున్నం బట్టీలు అన్నీ అక్కడే ఉన్నా చేతులు కదల్లేదు.

ఒప్పుకున్నంత మాత్రాన కడతారన్న భ్రమ కూడా మాకు లేదు. 1992 డిసెంబరులో బాబ్రీ మస్జిద్ కూలిన మర్నాడు, మన తెలంగాణ నుంచే వెళ్లిన ప్రధాని పి.వి.నరసింహారావు ప్రభుత్వం దాన్ని తిరిగి కడతామంది. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్టవిరుద్ధమేనని రాసింది, రాసి స్థలాన్ని గుడికి ఇచ్చింది, మాకు ఇంకోచోట ఐదెకరాలంది. ఎకరాలు అడిగిందెవరు?

ఇక హైదరాబాద్ కొత్త సచివాలయం దగ్గరికి వద్దాం. ఇది యుద్ధం కాదు, తెలుసు. కానీ కూల్చడం, ఒప్పుకోవడం, కట్టడం మూడూ మన కళ్లముందు జరిగిన చోటు ఇదే. 2020 జులైలో పాత సచివాలయాన్ని కూలుస్తుంటే లోపలున్న రెండు మస్జిద్‌లు, నల్లపోచమ్మ గుడి దెబ్బతిన్నాయి. ముఖ్యమంత్రి విచారం చెప్పి సర్కారు ఖర్చుతో కట్టిస్తామన్నారు. 2023 ఆగస్టు నాటికి మస్జిద్‌లు, గుడి, చర్చి అన్నీ తెరిచారు. మాట నిలబెట్టుకున్నారు, కాదనం. అందుకే అడుగుతున్నాం. తప్పు జరిగిందని ఒక ముఖ్యమంత్రి ఒక్క మాట అంటే మూడేళ్లలో అయిన పని, ఊళ్లలో డెబ్బై అయిదేళ్లలో ఎందుకు కాలేదు?

ఆ సచివాలయం గుమ్మటాల గొడవ ఇంకో తమాషా. 2023లో ఒక పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు, తాము అధికారంలోకొస్తే నిజాం సంస్కృతిని చూపే ఆ గుమ్మటాలు కూల్చేస్తామన్నాడు. దానికి ముందూ వెనకా పత్రికల్లో వచ్చిన వివరణ ఏమిటంటే, ఆ గుమ్మటాలకు ప్రేరణ నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయం, మా వనపర్తి సంస్థానం రాజమహల్, గుజరాత్ సారంగ్‌పూర్‌లోని హనుమాన్ మందిరం. హుస్సేన్ సాగర్ ఒడ్డున, చార్మినార్ ఉన్న ఊళ్లో, కుతుబ్‌షాహీ గుమ్మటాలకు ఇంత దగ్గర్లో గుమ్మటం కడుతూ దాని పుట్టుక చెప్పడానికి గుజరాత్ దాకా పోయారు. పోనీ వనపర్తిదన్నా మా పక్క ఊరిదే అని సంతోషిద్దామా? వనపర్తి మహల్లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. మేం వెళ్లి చూశాం. ఆ కమానులు, ఆ గుమ్మటాలు దక్కన్ సుల్తానుల నాటి నుంచి ఈ నేల మీద మేస్త్రీల చేతుల్లో తిరిగిన పనితనమే. గద్వాల, వనపర్తి, ఆత్మకూర్ సంస్థానాలను ఏలినవాళ్లు హిందువులు. తిరుపతి వేంకట కవుల్లాంటివాళ్లకు సన్మానాలు చేసినవాళ్లు. వాళ్లకు కమాను పరాయిదనిపించలేదు. అంటే, కూల్చేస్తామన్నవాడికి అది ముస్లిం గుమ్మటమని తెలుసు. కట్టినవాడికీ తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు. మాకు రెండోవాడితోనే ఎక్కువ బాధ. వాడి ఓటు మాదే కాబట్టి.

ఇంతకూ ఊళ్లలో ఏమైంది? మా అమ్మమ్మల తరం చెప్పే మాటల్లో 1948 తర్వాత రెండు రకాల ఊళ్లు కనిపిస్తాయి. ఉన్నవాళ్లు సర్దుకుని బతికిన ఊళ్లు ఒకటి. రాత్రికి రాత్రి బండి కట్టుకుని పట్నం పోయి మళ్లీ రాని ఊళ్లు రెండోది. పోయినవాళ్ల ఇంటి దూలాలు, తలుపులు వేరే ఇళ్లకు చేరాయి. గోడలు వానకు కరిగాయి. ఇళ్లు మిగలని ఆ ఊళ్లలో కూడా ఒక్క కట్టడం మాత్రం మిగిలింది. పీర్ల చావిడి.

దాన్ని ఏ ఆర్కిటెక్చర్ పుస్తకంలోనూ చూడం. నాలుగు మట్టిగోడలు, ముందు అరుగు, లోపల పీర్లను నిలబెట్టే గద్దె, వాకిట్లో అలావా గుండం. ఎత్తు లేదు, మినార్ లేదు. ముస్లిం గడప ఒక్కటీ లేని ఊళ్లలో కూడా మొహర్రం నెల పొడుపు కనిపించగానే ఎవరో ఒకరు దానికి సున్నం వేస్తారు. మాదిగలు డప్పు కొడతారు. కమ్మరి గుండం తవ్వడానికి పార సాపుచేసి ఇస్తాడు. పీరును ఎత్తుకునేవాడు గొల్లో బోయో అవుతాడు. మలీదా, షర్బత్ పంచుతారు. ఫాతెహా చదవడానికి మాత్రం పక్కూరి నుంచి ఒక ముల్లా సాబును పిలుచుకొస్తారు. ఆ సున్నం ప్రతి ఏడూ పడుతుంది కాబట్టే ఆ గోడ నిలబడింది. సర్కారు లెక్కల్లో లేని, యునెస్కోకు తెలియని పునర్నిర్మాణం ఇది. పెద్ద కులాలవాళ్లు చేయించింది కాదు, మౌల్వీలు చేయించింది అసలే కాదు. చేసినవాళ్లకు తాము పునర్నిర్మాణం చేస్తున్నామని తెలియదు కూడా.

ఇది చెప్పగానే సెక్యులర్ మిత్రులు సంబరపడతారు. గంగా జమునా తెహజీబ్ అంటారు. మెల్లగా, మిత్రులారా. సున్నం వేసిన మాదిగకు మేం రుణపడి ఉన్నాం, సభలో తెహజీబ్ అన్నవాళ్లకు కాదు. చావిడి మిగిలిందంటే దాని చుట్టూ ఉన్న పది ఇళ్లు మిగల్లేదన్న సంగతి అందులోనే ఉంది. పీర్లు ఊరేగే తొవ్వలో ఆ పది ఇళ్ల పాదులు ఇప్పటికీ కాళ్లకు తగులుతాయి. ముల్లా సాబును పక్కూరి నుంచి ఎందుకు పిలవాల్సి వస్తుందో కూడా ఒకసారి అడగండి.

మావాళ్లనూ వదలం. యుద్ధం కూల్చలేని చాలా కట్టడాలను ఇప్పుడు మేమే కూలుస్తున్నాం. డబ్బు వచ్చింది. కొంత గల్ఫ్ నుంచి, కొంత పట్నం నుంచి. డంగు సున్నంతో కట్టిన పాత మస్జిద్‌ను పడగొట్టి స్లాబు వేసి, టైల్సు అతికించి, సౌదీ క్యాలెండర్‌లో చూసిన మినార్లు నిలబెడుతున్నాం. పీర్ల చావిడి షిర్క్ అని తాళం వేస్తున్నాం. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలి చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టువాళ్లు చేసిన పనిలో ముఖ్యమైన భాగం, వెనకటివాళ్లు బాగుచేస్తున్నామని పూసిన సిమెంటును గీకి తీసి మళ్లీ సున్నం పెట్టడమే. బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపి గానుగలో సున్నం నూరే పని తెలిసిన మేస్త్రీలు మా వైపు ముసలివాళ్లే మిగిలారు. వాళ్ల కొడుకులు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతున్నారు. ఇంకో పదేళ్లకు, కడదామని ఎవరైనా అన్నా, కట్టే చేయి ఉండదు.

పటాలన్నా ఉన్నాయా? సుల్తానుల కట్టడాలకు ఉన్నాయి. నిజాం రాష్ట్రంలో 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పటి నుంచి గులాం యజ్దానీ దాన్ని నడిపాడు. బీదర్ కోట, మదర్సా, సమాధుల మీద ఆయన పెద్ద పుస్తకం 1947లో అచ్చయింది. మరుసటి ఏడే బీదర్ జిల్లా సుందర్‌లాల్ లెక్కలో అందరికన్నా ఎక్కువ చచ్చినవాళ్లున్న నాలుగింటిలో ఒకటయింది. మహమూద్ గవాన్ మదర్సాకు కొలతలున్నాయి. ఆ జిల్లాలో ఊరి మస్జిద్‌లకు, దూదేకులవాళ్ల ఇళ్లకు కొలతల్లేవు. యజ్దానీని తప్పుపట్టడం లేదు. ఆయనకు అవి కట్టడాలుగా కనపడలేదు. మా నవాబులకూ కనపడలేదు.

అందుకని మేమే మొదలుపెట్టాం. ఒక టేపు, గళ్ల నోటుబుక్కు, ఇద్దరు పిల్లలు. ఆత్మకూర్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పాత మస్జిద్‌లు, చావిళ్లు, దర్గాల గోడలు కొలిచి రాసుకుంటున్నాం. మొదటి ఊళ్లోనే మస్జిద్ ముందు టేపు పరవగానే అరుగు మీద కూర్చున్న పెద్దాయన కర్ర పట్టుకుని లేచొచ్చాడు. "క్యా నాప్‌రే బేటా? రోడ్ చౌడా కర్రే క్యా?" అన్నాడు. టేపు కనిపిస్తే ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే, ఏదో పడగొట్టబోతున్నారని. కాదు చాచా, రాసి పెట్టుకోవడానికి అన్నాం. ఆయన నమ్మలేదు. మేం కొలిచినంతసేపూ పక్కనే నిలబడ్డాడు. చివరికి టేపు రెండో కొస తనే పట్టుకుని, వజూ చేసే హౌజు ఇంతకుముందు ఇంకా అటు దాకా ఉండేదని, ఇప్పుడు అక్కడ వేరేవాళ్ల దొడ్డి ఉందని మెల్లగా చెప్పాడు. అది కూడా రాసుకోమన్నాడు. దొడ్డి ఎవరిదో మాత్రం రాయొద్దన్నాడు. హౌజు పొడవు పద్దెనిమిది అడుగులు, కనిపించేది పదకొండు అని రాసుకున్నాం.